పూడిన బెజ్జాలు

ఆ వడ్రంగికి చెక్క సందులో మురికి కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఆ చాదస్తమే చివరికి కొంప ముంచింది.

కొడుకు పెళ్ళికి ముందు “ఈ పిల్ల మనింట్లో ఇమడదు” అని నోరు జారాడు. ఆ మాట కోడలి చెవిన పడనే పడింది. అప్పట్నుంచీ ఆమె ‘మామయ్యగారూ’ అంటూ మర్యాదగా పలకరించేది, అంతే. అలాంటిది ఓ రోజు తనే ఆయన పని గదిలోకి వచ్చింది.

“మామయ్యగారూ, ఈ దుంగకి సన్నటి బెజ్జాలు వేసిపెడతారా? మేస్త్రి తేనెటీగలని ఉంటాయి, వాటి కోసం.”

అవి తుట్టె పెట్టవట, దేనికది ఒంటరిగా బెజ్జంలో కాపురం పెడుతుందట. ముసలాయనకి పట్టరాని సంతోషం. సొంతింటి గుమ్మానికైనా అంత శ్రద్ధగా పనిచేసి ఉండడు.

దుంగని బాల్కనీ గోడకి తగిలించారు. తేనెటీగలు రానే వచ్చాయి. పొద్దున్నే కోడలు కాఫీ తెచ్చుకుని దాని ముందు కూర్చునేది, ఆయన్నీ పిలిచేది. ‘గారు’ ఎప్పుడు పోయిందో ఏమో గానీ, “చూడండి మామయ్యా, మీ చెక్క దానికి నచ్చింది,” అనేది. కాఫీలు చల్లారిపోయినా ఇద్దరూ కదిలేవారు కాదు.

తర్వాత ఆమె ఆఫీసు పని మీద ఊరెళ్ళింది. తేనెటీగలూ కనిపించడం మానేశాయి. చూస్తే ఏముంది, బెజ్జాలన్నీ మట్టితో పూడుకుపోయాయి! పిల్ల వచ్చేసరికి శుభ్రం చేద్దామనుకున్నాడు. ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది, అడగలేదు మహానుభావుడు. డ్రిల్లు పెట్టి మట్టంతా తోడేశాడు. పసుప్పచ్చ పొడి, తెల్లటి పురుగులు రాలాయి. చెక్కకి పురుగు పట్టిందని కంగారుపడి బెజ్జాల్లోపల కూడా పాలిష్ పట్టించాడు.

“అద్దంలా చేశాను చూడమ్మా,” అన్నాడు ఆమె రాగానే.

ఆమె ఖాళీ బెజ్జం మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. “ఆ మట్టి వాటి తలుపండీ. లోపల పుప్పొడి తింటూ పిల్లలున్నాయి.”

“తల్లి మళ్ళీ పెట్టుకోదా అమ్మా?” అన్నాడు ఆయన.

“తల్లి ఉండదు. తలుపు మూశాక దాని కాలం తీరిపోతుంది.”

కోడలు గట్టిగా ఒక్క మాటైనా అనలేదు. తిట్టినా బాగుండేదని ఆయన కుమిలిపోయాడు. చేతులారా చేసుకున్నదానికి ఎవరినని ఏం లాభం? పాలిష్ పూయని కొత్త దుంగ చేసి తగిలించాడు.

మళ్ళీ పూల కాలం వచ్చింది. తెల్లారితే చాలు, ఆయన ఒక్కడే బాల్కనీలో కూర్చుంటాడు, ఏ బెజ్జంలోనైనా ఇంత మట్టి కనబడుతుందేమోనని. కోడలు కాఫీ తెచ్చి పక్కన పెడుతుంది.

“చల్లారిపోతుంది, తాగండి మామయ్యగారూ,” అని లోపలికి వెళ్ళిపోతుంది.