ఎర్రకార్డు బల్ల

నాకు నోరెక్కువ అని మా స్కూలు వంటగదిలో అందరూ అంటారు. ఉన్నమాటంటే ఉలుకెందుకు, ఎక్కువే. నాలుగు వందల మంది పిల్లలకు గంటలో వడ్డన ముగించాలంటే నోట్లో నాలుక లేని మనిషి వల్ల అవుతుందా? పిల్లలు నాకు గరిటె పెద్దమ్మ అని పేరు పెట్టారు. మొదట చాటుగా అనేవాళ్లు, తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు. నేనూ పలకడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా అసలు పేరు గుర్తున్నది హాజరు పట్టీకి ఒక్కదానికే.

ఆ ఏడాది స్కూలు తెరిచిన వారానికే కొత్త నియమాలు వచ్చాయి. పిల్లలు మరీ లావైపోతున్నారట. పైనుంచి ఒక కాగితం వచ్చింది, కాగితం వెనకాల బరువు తూచే మిషను వచ్చింది, మిషను వెనకాల ఒక నర్సమ్మ వచ్చారు. నెలకోసారి అందరినీ తూచి, ఎత్తు కొలిచి, మెడలో వేసుకోవడానికి కార్డులు ఇస్తారు. సరిపడా ఉన్నవాళ్లకు ఆకుపచ్చది, హద్దు దాటినవాళ్లకు ఎర్రది. ఎర్రకార్డు పిల్లలు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోకూడదు, మారు అడగకూడదు. వెన్న, బంగాళాదుంప, తీపి వాళ్ల కంచంలో పడకూడదు. వాళ్లు కూర్చోవడానికి వంటగది తలుపు పక్కన, గోడకు ఆనించి వేరే బల్ల వేశారు. వడ్డించడానికి వేరే చిన్న గరిటె తెప్పించారు. ఆ గరిటె, ఆ బల్ల కాపలా నాకు అప్పగించారు. పెట్టాల్సిందే పెట్టానని రోజూ ఒక కాగితం మీద సంతకం చేసేదీ నేనే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నియమంలో తప్పేమీ లేదు. పది మెట్లెక్కి ఆయాసంతో కూలబడిన పిల్లల్ని ఈ కళ్లతోనే చూశాను. నర్సమ్మ రాసిచ్చిన తిండి కూడా మంచిదే. కూరలు ఎక్కువ పెట్టండి, వెన్న తగ్గించండి, కాదన్నదెవరు? దానికోసం పిల్లను గోడవైపు తిప్పి కూర్చోబెట్టడం ఎందుకు? ఆ బల్ల ఆలోచన ఎవరి తలకాయలో పుట్టిందో గానీ, ఆ తలకాయను ఒక్కరోజు అక్కడ కూర్చోబెడితే తెలిసొచ్చేది.

మొదట్లో అక్కడ ఏడుగురు ఉండేవాళ్లు. ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకుంటూ బాగానే కాలక్షేపం చేశారు. ఇద్దరు బరువు తగ్గి వెళ్లిపోయారు. ఇద్దరికి ఇంట్లోవాళ్లు డాక్టరు చీటీ పట్టుకొచ్చారు. ఇద్దరు ఏకంగా స్కూలే మారిపోయారు. మూడో నెలకి ఒక్కతే మిగిలింది.

దానికి తొమ్మిదేళ్లు. తోటిపిల్లలు డ్రమ్ము అనేవాళ్లు, నేను చిట్టి అనేదాన్ని. వాళ్లమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. నాన్న లేడా అని అడిగితే, ఉన్నాడు కానీ ఇంకో ఇంట్లో ఉన్నాడు అని చిట్టే తాపీగా చెప్పింది. దానికి ఉన్నదల్లా ఒక్క స్నేహితురాలు. ఆ పిల్లను అందరూ పుల్ల అంటారు, పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఒకటో తరగతి నుంచి ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇప్పుడు పుల్ల హాలు మధ్యలో నాలుగో బల్ల దగ్గర, చిట్టి గోడ పక్కన. మొదటి వారాల్లో ఇద్దరూ తిండి మానేసి ఒకళ్లకొకళ్లు చేతులు ఊపుకునేవాళ్లు. తర్వాత పుల్ల పక్కన రెండు జడల పిల్ల ఒకతి కూర్చోవడం మొదలుపెట్టింది. చేతులూపడం తగ్గింది. చిట్టికి కావలసింది ఒక్కటే, ఆ రెండు జడల పిల్ల అక్కడ పాతుకుపోకముందే పచ్చకార్డు రావాలి.

ఒక రోజు చూడలేక నా కంచం తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. పద్దెనిమిదేళ్లుగా నేను మధ్యాహ్నం పొయ్యి పక్కన నిలబడే తింటున్నాను, రెండు నిమిషాల్లో, అదీ ఎవరినో ఒకరిని కసురుతూ. కూర్చుని, ఎదురుగా ఒక మనిషిని పెట్టుకుని తింటే తిండికి రుచి ఉంటుందన్న సంగతే మర్చిపోయాను.

నా ఇల్లంటే సైకిళ్లు బాగుచేసే కొట్టు పైన ఒక గది. మా ఆయన పోయి పదకొండేళ్లు. పిల్లల్లేరు. ఒక చెల్లెలుంది, నెలకోసారి ఫోన్ చేసి తన మోకాళ్ల నొప్పులన్నీ చెప్పుకుని, నా మోకాళ్ల సంగతి అడిగేలోపే పెట్టేస్తుంది. సాయంత్రం తలుపు తీసుకుని లోపలికి వెళ్లానంటే మళ్లీ పొద్దున్న దాకా నా నోటికి పనే లేదు. ఇంత నోరున్నదాన్ని, పొద్దున్నే మొదటి మాట బొంగురుగా వచ్చేది. వంటగదిలో అరుస్తానంటే అరవనా మరి? పన్నెండు గంటల మాటలు మూటగట్టుకుని వస్తున్నాను.

చిట్టికి నోరు నా అంత కాదు గానీ తక్కువది మాత్రం కాదు. ఏ టీచరు క్యారెట్లు ఏరి పారేస్తారో, ఎవరు కంచం అంచు కింద దాస్తారో అన్నీ గమనించేది. హెడ్‌మిస్ట్రెస్ నడక నడిచి చూపించేది. మా ఆయన గురక పెట్టేవాడా అని అడిగింది. పదకొండేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషి లేదు. పెట్టేవాడు, గోడలు అదిరేవి అంటే పొట్ట పట్టుకుని నవ్వింది. పెద్దయ్యాక లిఫ్టు నడుపుతుందట. అదేం ఉద్యోగమే అన్నాను. లిఫ్టులో అందరూ దగ్గర దగ్గరగా నిలబడతారు పెద్దమ్మా, ఎవర్నీ వేరేగా నిలబడమనరు అంది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. మంచినీళ్లు తాగాను.

నాలుగో నెల తూకంలో చిట్టి బాగా తగ్గింది. ఇంకొక్క కిలో తగ్గితే పచ్చకార్డే అని నర్సమ్మ చెప్పారట. పరిగెత్తుకొచ్చి నాకే ముందు చెప్పింది. శభాష్ అన్నాను. పైకి శభాషే గానీ లోపల ఇంకెన్ని రోజులని లెక్కపెట్టుకున్నాను.

మా వంటగదిలో ఒక అలవాటుంది. డ్రైవరుకో, గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయనకో, మనవాళ్లనుకున్న ఎవరికైనా కాస్త ఎక్కువ పెట్టాలంటే కంచంలో పైన పెట్టం, అడుగున పెడతాం. తనిఖీకి వచ్చేవాళ్లు పైనుంచే చూసి పోతారు, ఎవరూ వేలుపెట్టి కెలకరు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అని ఊరికే అన్నారా! మర్నాడు చిట్టి కంచంలో క్యాబేజీ కింద వెన్న దట్టంగా రాసిన రొట్టె ముక్కలు రెండు పెట్టాను. చెంచాతో కదిపి చూసింది. నా ముఖం చూసింది. అంతా తినేసింది.

ఎదిగే పిల్ల, ఆకలిగా ఉంటుంది పాపం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ మర్నాడు వేయించిన బంగాళాదుంప పెట్టాను, ఆ తర్వాత రెండు గుడ్లు పెట్టాను. ఒక రోజు మెల్లగా, ఇవాళ వద్దు పెద్దమ్మా అంది. నేను కంచం వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి తనంతట తానే చెంచా తీసి అడుగున ఉన్నదంతా తినేసింది. నాకెంత సంతోషమయిందో చెప్పలేను. ఇప్పుడు అబద్ధమాడి నాకొచ్చేదేముంది? ఆకలీ కాదు, జాలీ కాదు. ఆ పిల్ల నాలుగో బల్లకు వెళ్లిపోతే నేను మళ్లీ పొయ్యి పక్కన నిలబడి తినాలి. అది తెలుసు. తెలిసే పెట్టాను, తెలిసే రోజూ ఆ కాగితం మీద సంతకం చేశాను.

తూకం రోజు వచ్చింది. హాలు మూలన మిషను దగ్గర నర్సమ్మ, పిల్లల వరస. నేను పక్కనే బల్లలు తుడుస్తున్నాను. చిట్టి చెప్పులు విప్పింది, రిబ్బను విప్పింది, జేబులో పెన్సిలు కూడా తీసి పుల్ల చేతికిచ్చి ఎక్కింది. తగ్గలేదు సరికదా, నాలుగు వందల గ్రాములు పెరిగింది. నర్సమ్మ దింపి మళ్లీ ఎక్కించారు. మిషను మాట మార్చలేదు.

మధ్యాహ్నం కాకముందే వాళ్లమ్మను పిలిపించారు. పని మీద నుంచి అలాగే వచ్చేసినట్టుంది, చేతులు సబ్బు నీళ్లకు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నర్సమ్మ, ఇంట్లో ఏం పెడుతున్నారని నిలదీశారు. ఆవిడ బిత్తరపోయింది. ఇంట్లో ఏమీ తినడం లేదని చెప్పింది. నెల రోజులుగా సాయంత్రం ఏది ముందు పెట్టినా, స్కూల్లో కడుపునిండా తిన్నాను, ఆకలి లేదు అంటోందట. చేసి ఉంచిన సూపు పొద్దున్నకి అలాగే ఉంటోందట. మిషను అబద్ధం చెప్పదు కదమ్మా అన్నారు నర్సమ్మ. అప్పుడు ఆవిడ కూతురి వైపు తిరిగింది.

"ఎక్కడ తింటున్నావే? ఎవరు పెడుతున్నారు నీకు?"

చిట్టి నేల చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

"ఎవరూ పెట్టలేదమ్మా. నేనే దొంగతనంగా తీసుకుని తిన్నా."

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. నాలుగు వందల మందిని అదిలించే నోరు, ఒక్క మాటకు పెగల్లేదు. తల్లి దానిని కొట్టలేదు. కొట్టినా బాగుండేది. తలొంచుకుని, మా ఇంట్లో దొంగలు లేరమ్మా, ఇది ఎలా నేర్చిందో అని నర్సమ్మకు క్షమాపణ చెప్పుకుని వెళ్లిపోయింది. నేను తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం చిట్టి వచ్చి గోడ పక్కన కూర్చుంది. చిన్న గరిటెతో క్యాబేజీ మాత్రమే వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. అది అలవాటుగా చెంచాతో అడుగు కెలికి చూసింది. ఏమీ లేదు.

"రాత్రిళ్లు ఎందుకు తినడం లేదే?" అన్నాను.

"నువ్వు పెట్టేదానికి సరిపోవాలి కదా."

"నాకొద్దు అని చెప్పొచ్చు కదే తల్లీ."

"ఒకసారి చెప్పా కదా. నీ మొహం ఎలాగో అయిపోయింది." కాసేపు క్యాబేజీని అటూ ఇటూ నెట్టింది. "నాకు పచ్చకార్డు వస్తే నువ్వు ఒక్కదానివే అయిపోతావని పెడుతున్నావు, నాకు తెలుసు. అందుకే ఇంట్లో మానేశా. నువ్వు పెట్టిందీ తినొచ్చు, కార్డూ వస్తుందనుకున్నా. లెక్క తప్పింది పెద్దమ్మా."

తొమ్మిదేళ్ల పిల్ల నా కోసం నెల రోజులు పస్తులుంది. నేనేమో దానికి అన్నం పెడుతున్నాననుకున్నాను. ఆ క్షణాన నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. కంచం అక్కడే వదిలేసి, ఏప్రాన్ కూడా విప్పకుండా హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్లాను. వెన్న నుంచి సంతకాల దాకా అన్నీ చెప్పాను. ఎందుకు చేశావని ఆవిడ అడిగారు. ఆ పిల్ల తప్ప నాతో మాట్లాడేవాళ్లు లేరమ్మా అన్నాను. పద్దెనిమిదేళ్ల పని చూసి ఉద్యోగం తీసేయలేదు, గిన్నెలు తోమే గదికి మార్చారు. కార్డు మాత్రం వెంటనే మార్చడం కుదరదన్నారు. తూకం నెలాఖరుకే.

హెడ్‌మిస్ట్రెస్ కబురు చేసినట్టున్నారు, మర్నాడు పొద్దున్న గేటు దగ్గర వాళ్లమ్మ నా కోసం కాచుకుని ఉంది. తిడుతుందనుకుని సిద్ధపడ్డాను. తిట్టలేదు.

"దాన్ని నిన్న నేను దొంగ అనుకున్నాను. ఇంటికెళ్లాక కూడా మాట్లాడలేదు దానితో. మీరు ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది కదమ్మా" అంది.

ఆవిడ పనికి ఆలస్యమవుతోందని గబగబా వెళ్లిపోయింది.

ఆ నెలంతా చిట్టి ఆ బల్ల దగ్గర ఒక్కతే కూర్చుందని వంటగదిలోవాళ్లు చెప్పారు. కొత్తగా వడ్డించే ఆమె మంచిదే, నిక్కచ్చి మనిషి, కొలిచినట్టు పెట్టి పక్కకు వెళ్లిపోతుంది. గిన్నెల గదికి హాలు కనిపించదు. నడుము ఎత్తున ఒక కిటికీ లాంటి కంత ఉంటుంది, తిన్న కంచాలు పిల్లలు అందులోంచి తోస్తారు. నాకు కనిపించేవి చేతులు మాత్రమే. నాలుగు వందల జతల చేతులు. చిట్టి కంచం ఎప్పుడూ చివరన వచ్చేది, తుడిచినంత శుభ్రంగా. నేను పలకరించలేదు. పలకరించే మొహం ఎక్కడుంది? నా వల్ల ఆ పిల్లకు ఒక నెల ఎక్కువ శిక్ష పడింది.

నెలాఖరున తూకం అయిన మర్నాడు, కంచాలు సగం కూడా రాకముందే రెండు చేతులు ఒక కంచాన్ని కంతలో పెట్టి, తోయకుండా అలాగే పట్టుకున్నాయి. పక్కన పుల్లలాంటి ఇంకో చేయి. చిట్టి వంగి తల లోపలికి పెట్టింది. మెడలో కార్డు ఆకుపచ్చగా వేలాడుతోంది.

రెండు జడల పిల్ల మొదట జరగనందట, పుల్ల కసిరితే జరిగిందట. ఇప్పుడు ముగ్గురూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంటున్నారట. వాళ్లమ్మ నిన్న రాత్రి దాని పక్కనే కూర్చుని తినిపించిందట. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పింది. సబ్బు చేతులతో దాని బుగ్గ ముట్టుకోలేక, వింటూ నిలబడ్డాను. వెనకాల పుల్ల గౌను పట్టి లాగుతోంది, రావే గంట కొడతారు అని. చిట్టి వెళ్లబోయి మళ్లీ తల లోపలికి పెట్టింది.

"పెద్దమ్మా, నువ్వు తిన్నావా?"

"తిన్నా తల్లీ. కడుపునిండా తిన్నా, నువ్వు వెళ్లు" అన్నాను.

నా కంచం వెనకాల గట్టు మీద, మూత తీయకుండా అలాగే ఉంది.