సగం సీసా

బజ్జీ ఒక్కటే మిగిలినా రెండు ముక్కలు చేసుకుని తినే జంట కమలాకర్, స్వర్ణలత. పెళ్లయి, దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఆఖరికి జబ్బు కూడా ఇద్దరికీ ఒకటే వచ్చింది. లివర్‌కు కొవ్వు పట్టిందని, ఇద్దరిదీ రెండో గ్రేడేనని స్కానింగ్‌లో తేలింది.

అప్పుడే ఎల్బీనగర్‌లో ఒక దవాఖానవాళ్లు పరిశోధన మొదలుపెట్టారు. ఉసిరికాయలు, కొన్ని ఆకులు కలిపి పులియబెట్టిన రసం ఈ కొవ్వును కరిగిస్తుందేమో చూడాలని. పన్నెండు వారాలు రోజుకో చిన్న సీసా తాగాలి, బిర్యానీలాంటివి మానేసి రోజూ నడవాలి. కమలాకర్‌ను తీసుకున్నారు. షుగర్ మందులు వాడుతోందని స్వర్ణలతను వద్దన్నారు.

ఒక్కడే తాగడానికి కమలాకర్‌కు మనసొప్పలేదు. రెండో రోజే సగం రసం గ్లాసులో పోసి భార్య చేతికిచ్చాడు.

"నాకెందుకయ్యా? గా డాక్టరమ్మ వద్దన్నది గదా!"

"నువ్వు తాగకుంట నేనెట్ల తాగుత? జర పట్టు."

ఆమె గ్లాసు పుచ్చుకుని వంటింట్లోకి వెళ్లింది. రోజూ అదే తంతు.

ఆరో వారం అతను మెట్రో ఎక్కి దవాఖానకు వెళ్లాడు. పరిశోధన చూసే డాక్టర్ జ్యోతిక గుంటూరు అమ్మాయి. ఖాళీ సీసాలు చూసుకుని, రక్తపరీక్ష కాగితంలో లివర్ లెక్కలు చూసి సంబరపడిపోయింది.

"భలే తగ్గిందండి అంకుల్! ఒక్క సీసా కూడా వదల్లేదు. అందరూ మీలా ఉంటే ఎంత బావుండు!"

ఆ మెచ్చుకోలు అతనికి ముల్లులా గుచ్చుకుంది. తలుపు దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"బిడ్డా, నేను తాగింది సగమే. తక్కిన సగం మా ఇంటామెకు పోసిన."

జ్యోతిక ముఖం పాలిపోయింది. "అయ్యో! ఆవిడకి షుగర్ పడిపోతే? ముందు ఆవిణ్ణి రమ్మనండి."

స్వర్ణలత ఆటోలో వచ్చింది. పరీక్ష చేస్తే షుగర్ ఎప్పుడూ ఉన్నంతే ఉంది. నీరసంగానీ తల తిరగడంగానీ ఉందా అని జ్యోతిక అడిగింది.

స్వర్ణలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను తాగితే గదా మేడం! మొదటి రోజు నాలిక మీద పెట్టుకుంటే పండ్లు జివ్వుమన్నయ్. గప్పటి సంది కరివేపాకు కుండీల పోస్తున్న. తాగనంటే ఈయన గుడ బంద్ చేస్తడని చెప్పలే."

కమలాకర్ నోరు తెరిచాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడుగానీ, జ్యోతిక పకపకా నవ్వేసరికి ఆ వీలు లేకపోయింది.

"మరి నాది దేనితోని తగ్గింది?"

"ఇప్పుడే చెప్పలేనండి. రసం వల్లో, మీరు బిర్యానీ మానేసి నడిచినందువల్లో. పోల్చి చూడ్డానికి కొందరికి ఉత్త పులుపు నీళ్లే ఇస్తారు, మీ సీసాలో ఏముందో నాకే తెలీదు. అందరివీ చూశాకే తేలుతుంది."

పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. సీసాలు ఆపేయమని, పరీక్షలకు మాత్రం చివరిదాకా రమ్మని ఆయన అన్నాడు.

"నా వల్ల నీ పని ఖరాబైందా బిడ్డా?"

"మీరు చెప్పకపోతే ఖరాబయ్యేది. ఈ తప్పుడు లెక్క అందరి లెక్కల్లో కలిసిపోయేది" అంది జ్యోతిక.

ఇద్దరూ మెట్రో మానుకుని దిల్‌సుఖ్‌నగర్ వైపు నడక సాగించారు. చైతన్యపురి దాటాక అతను ఉండబట్టలేక అడిగాడు.

"ఇరవై ఆరేళ్లల్ల గా కుండీల ఇంకేమేం పోసినవ్ లతా?"

"ఓసారి నువ్వు పెట్టిన చారు."

అతని నవ్వుకు పక్కనుంచి పోతున్న షేర్ ఆటోలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.