గోపి రెండో సీజన్

బెంగళూరులోని ఓ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుకు ఆటగాళ్ల గణాంకాలు చూసిపెట్టడం రాగసుధ ఉద్యోగం. విజయనగరంలో ఇంట్లోనే కూర్చుని చేసేది. ఎవరు వచ్చే సీజన్లో ఎంత మెరుగుపడతారో ముందుగా అంచనా వేసి చెప్పాలి. ఆ వేసవిలో జట్టు అడిగింది ఒక్క గోపి గురించే. రింగు దగ్గర కాసే సెంటర్ స్థానంలో ఆడతాడు. సాలూరు లారీ డ్రైవరు అసిరయ్య కొడుకు. ఇరవై ఒక్క ఏళ్లు, ఆరడుగుల పదకొండంగుళాలు.

మొదటి సీజన్లో మ్యాచికి ఎనిమిది పాయింట్లు, ఆరు రీబౌండ్లు, అంటే రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతుల్ని ఎగిరి అందుకోవడం. ఇలాంటి కుర్రాళ్లు రెండో ఏట ఆట అందుకుంటారు. ఒళ్లు గట్టిపడుతుంది, తొందరపాటు ఫౌల్స్ తగ్గుతాయి. పదమూడు పాయింట్లు, తొమ్మిది రీబౌండ్లు ఖాయమని తేల్చింది రాగసుధ. ఒకటే అర్థం కాలేదు. నాలుగో క్వార్టర్లో అతని రీబౌండ్లు దాదాపు సున్నా. కోచ్‌ని అడిగితే, "దమ్ము చాలట్లేదు. క్యాంపులో పరిగెత్తిస్తే అదే వస్తుంది" అన్నాడు.

ఆమె వీడియోలు మళ్లీ పెట్టి చూసింది. ఐదు మ్యాచుల్లో, ఆట చివర, గోపి ఎడమ అరచేయి రొమ్ముకి నొక్కుకుని వంగి నిలబడ్డాడు. ఆరోసారి కనబడేసరికి ఆమె వీడియో ఆపేసింది. పొడుగ్గా సన్నగా ఉండే ఆటగాళ్లలో కొందరికి గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం పుట్టుకతోనే బలహీనంగా ఉంటుందనీ, అది ఉబ్బి ఉబ్బి ఒకనాడు ఆటలోనే చిట్లుతుందనీ ఎప్పుడో చదివింది. తను డాక్టరు కాదు. తప్పయితే అతని బతుకుతెరువు పాడుచేసినట్టు. నిజమైతే?

గోపి ఫోన్లో పరిచయమే. మర్నాడు పొద్దున్నే సాలూరు బస్సెక్కింది.

లారీ బాడీలు కట్టే షెడ్డు వెనక గోడకి రింగు బిగించుకుని గోపి సాధన చేస్తున్నాడు. సాయంత్రం రైలుకి క్యాంపుకి వెళ్లాలి. వాళ్లమ్మ తవిటమ్మ గడపలో కూర్చుని అతనికి చేగోడీలు డబ్బాలో సర్దుతోంది.

"అక్కా, రిపోర్టులో ఏటి రాసినావు?" గోపి ఉత్సాహంగా అడిగాడు.

"బాగా ఆడతావని రాశాను. ఇంకా పంపలేదు. ఒకసారి బొటనవేలు లోపల పెట్టి గుప్పెట మూయి."

నవ్వుతూ మూశాడు. బొటనవేలి కొస చిటికెనవేలు దాటి అవతలికి పొడుచుకొచ్చింది. రాగసుధ చదివినదాంట్లో అదీ ఆ జబ్బుకి ఓ గుర్తే.

తవిటమ్మ తొంగి చూసింది. "ఇందులో వింతేటున్నాదమ్మా? మాయన్నకీ ఇలాగే ఉండీది. ఈడంత పొడుగే."

"మీ అన్నయ్య ఇప్పుడు..."

"పోనాడు. బస్తా ఎత్తతన్నాడు, రొమ్ము పట్టుకున్నాడు, అంతే. ముప్పై నిండనేదు."

రాగసుధ తనకు తెలిసినదంతా చెప్పి, ఇవాళే విజయనగరంలో గుండె స్కానింగు తీయించమంది.

గోపి ముఖం నల్లబడింది. "బొమ్మలు సూసి నాకు రోగం అంటగడతన్నావా? సూడు, నాకేటైనా ఉన్నాదేమో!" అంటూ బంతి తీసుకుని పరుగున ఎగిరి రింగులోకి దించాడు. వెనక్కి వెళ్లి మళ్లీ ఎగిరాడు. అతను నేలకి దిగిన ప్రతిసారీ రాగసుధ కళ్లు మూసుకుంది. మూడోసారి దిగాక గోపి ఆగిపోయాడు. చేయి దానంతటదే రొమ్ము మీదికి వెళ్లింది.

తవిటమ్మ లేచింది. డబ్బా ఒలికి చేగోడీలు మట్టిలో పడ్డాయి. ఆమె బంతి లాక్కుని, కడుపుకి అదుముకుని, అక్కడే నేల మీద చతికిలబడింది.

"ఈ బంతి నాను ఇయ్యను. రైలూ వద్దు, ఏటీ వద్దు. ఆయమ్మ సెప్పిన కాడికి నడు."

విజయనగరం వెళ్లే బస్సు గోతిలో పడ్డప్పుడల్లా తవిటమ్మ కొడుకు రొమ్ముకి చేయి అడ్డం పెట్టింది.

గుండె స్కానింగు పావుగంటలో అయిపోయింది. డాక్టరు చాలాసేపు తెర వైపే చూశాడు. "నాలుగు సెంటీమీటర్లలోపు ఉండాల్సిన నాళం అయిదు దాటింది. ఇవాళ్టి నుంచి పరుగు లేదు, బరువు లేదు. వారంలో విశాఖలో ఆపరేషన్." తర్వాత తవిటమ్మ వైపు తిరిగి, "మీ అన్నగారిది కూడా ఇదే కావచ్చు. మీరూ స్కానింగుకి పడుకోండమ్మా" అన్నాడు.

అంతవరకూ రాయిలా ఉన్న గోపి తలుపు బయట గోడకి చేరగిలబడి, "అక్కా, అమ్మకి కూడానా? మాయమ్మ రోజూ నీల్లు మోస్తాది" అన్నాడు. రాగసుధ అతని చేయి పట్టుకుంది.

తవిటమ్మది చిన్న ఉబ్బు. మాత్రలతో, ఆరునెలలకో స్కానింగుతో సరిపోతుందన్నారు. గోపి ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. రాయపూర్ లారీ ట్రిప్పు నుంచి వచ్చిన తండ్రి అసిరయ్య ఆ ఏడు గంటలూ మెట్ల మీద నిలబడే ఉన్నాడు, కూర్చోమంటే వినలేదు. డాక్టరు బయటికొచ్చి తలూపాకే కాళ్లు మడిచాడు.

ఇక ఆట లేదని జట్టుకి రాగసుధే రాసింది. గోపి రెండు నెలలు ఆమె ఫోనెత్తలేదు. ఆమె తప్పుపట్టలేదు. ఓ ఉదయం అతనే చేశాడు.

"వేగావతి వంతెన దాకా నడిసినానక్కా. సగంలో గుండె దడదడలాడింది. అక్కడే కూకుండిపోనాను. సచ్చిపోతాననుకున్నాను."

"మరి?"

"కాసేపాగి లెగిసినాను. అమ్మ ఎనకాలే వస్తన్నాది. నానాగితే అదీ ఆగతాది, నాకు తెల్దనుకుంటన్నాది." ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపించింది. "నువ్వు కోపం పడకక్కా. నీమీద కోపంతో కాదు నాను ఫోనెత్తనిది. నువ్వింకేటి సెప్తావోనని బయం."