పచ్చగా కనిపించిన కుంట

జరగండి బిడ్డలారా, ఇంకా దగ్గరికి. ఆ ఫోన్ పక్కన పెట్టండి. ఈ కథలోనూ ఫోనే ఉంది, తొందరెందుకు?

కాశిబుగ్గలో ప్రేమలత గుంత మగ్గం మీద నేస్తుంది. కాళ్లు గుంతలో, చేతులు పైన. అందుకే వానంటే ఆమెకు దడ. ఇన్నాళ్లూ వీధిలోని వాననీళ్లన్నీ వెనకున్న కుంటలోకి పోయేవి. ఇప్పుడు ఎవరివో లారీలు మట్టి తెచ్చి, ఆ కుంటను ఓ మూల నుంచి పూడుస్తున్నాయి. మొన్నటి వానకు నీళ్లు మగ్గం గుంతలోకే దిగాయి. కుంట మొత్తం పూడితే ఇక మగ్గం పొయ్యిలోకే.

కూతురు దీప్తి కాలేజీలో నేర్చుకొచ్చింది. ఉపగ్రహం తీసే ఫొటోలు ఫ్రీగా దొరుకుతాయట, చెరువులు ఎట్లా తరుగుతున్నాయో వాటిలో తెలుస్తుందట. కుంటవి పాతదొకటి, కొత్తదొకటి ఫోన్‌లో పట్టుకుని, పూడ్చడం ఆపించమని తల్లీకూతుళ్లు మున్సిపల్ ఆఫీసుకు పోయారు.

పాతదాంట్లో నీళ్లు నల్లగా కనిపించాయి. అక్కడి సారు కొత్తదాన్ని చూసి నవ్వాడు.

"గిదంత పచ్చగున్నది కదమ్మా. కుంట ఎండింది, ఎవరో సాగు జేస్తాండ్రు. మీ ఫొటోనే చెప్తాంది."

"సాగు కాదు సారూ, గుర్రపుడెక్క! నీళ్ల మీద అల్లుకున్నది" అంది దీప్తి.

"నాకైతే పొలం లెక్కనే ఉన్నది."

"అయితే వచ్చి నాటెయ్యిండ్రి. నడుము దాక మునిగినంక తెలుస్తది!" అంది ప్రేమలత.

"నీళ్లు కనవడే ఫొటో తెండ్రి, చూద్దాం" అని సారు ఫోన్ తిరిగిచ్చేశాడు.

ఆటోలో ప్రేమలత కూతురి మీద విరుచుకుపడింది. "సాక్ష్యం చెప్పుమని తీస్కపోతే, వాళ్ల దిక్కు చెప్పొచ్చిందేందే నీ ఉపగ్రహం?"

మర్నాడు వీధివాళ్లంతా కుంటలోకి దిగి గుర్రపుడెక్క లాగారు. చేతులు దురదలు పెట్టాయి గానీ నీళ్లు మెరిశాయి. పక్కింటి కట్టమ్మ కొంగు సర్దుకుంది. "జర మంచిగ నిలవడుండ్రే, పైనుంచి ఫొటో తీస్తరట!"

ఉపగ్రహం కొన్ని రోజులకోసారి ఆ పైనుంచి పోతుందట. అది వచ్చిపోయాక దీప్తి ఫోన్ తెరిచింది. అంతా తెలుపు.

"ఏందే ఇది, దూదా?"

"మబ్బమ్మా. మబ్బు కింద ఏమున్నదో దానికి కనవడది."

"మరి లారీలకు మబ్బు అడ్డం రాదాయె!"

ఉపగ్రహం మళ్లీ వచ్చేలోపు గుర్రపుడెక్క మళ్లీ అల్లుకుంది, లారీలు ఇంకొంత పూడ్చాయి. ప్రేమలత తిట్టుకుంటూనే చీర ఎగ్గట్టి మళ్లీ నీళ్లలోకి దిగింది.

"ఈసారి ఎప్పుడొస్తదో ముందుగాల చెప్పే. ఎండ కాస్తే సరే, లేకుంటే మళ్ల దిగుత."

ఇది మరిచిపోకండి బిడ్డలారా. అక్కడంతా పొలమే అని ఎవరన్నా అంటే, ఆ పచ్చదనం కింద కుంట ఉందనీ, అందులో నడుములోతున ప్రేమలత నిలబడి ఉందనీ చెప్పండి. విన్నవాళ్లను ఇంకొకరికి చెప్పమనండి.