వేలితో దిగిన నట్టు

మా ఆయన ఫ్యాక్టరీ బట్టలు మిగతా బట్టలతో కలిపి వేయకూడదు. వేస్తే నూనె మరకలు అన్నిటికీ అంటుకుంటాయి. అందుకే ఆదివారం సాయంత్రం వాటిని విడిగా నానబెడతాను. నానబెట్టే ముందు జేబులు తిరగేసి చూడటం కూడా నా పనే. అది నా పనని ఎవరూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చేశాను, అంతే, నా మెడకు చుట్టుకుంది. ఆ సాయంత్రం జేబులో ఒక పెన్ను, నలిగిన రుమాలు, ఒక బోల్టు, దానికి సరిపోయే నట్టు ఉన్నాయి. అడుగున వేళ్ళకు గుచ్చుకునేలా సన్నటి వెండిరంగు రజను.

నట్టు చూడగానే గుర్తుపట్టాను. మేమిద్దరం ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తాం. జనాన్ని నది దాటించే పెద్ద పడవలకి ఇంజిన్లు చేస్తుంది మా ఫ్యాక్టరీ. ఆయన ఇంజిన్లు బిగించే విభాగానికి ఇన్‌ఛార్జి. నేను టెస్ట్ రూమ్‌లో ఇంజినీరుని, విడిభాగాలు మేం పరీక్షించాకే ఆయన దగ్గరికి వెళ్తాయి. మామూలు నట్టు ఇంజిన్ అదురుడికి నాలుగు రోజుల్లో వదులైపోతుంది. లోపల ప్లాస్టిక్ రింగు ఉన్న నట్టు వదులవదు గానీ, పొగ గొట్టం దగ్గర వేడికి ఆ రింగు కొవ్వొత్తిలా కరిగిపోతుంది. అందుకని అక్కడ అచ్చంగా లోహంతో చేసిన నట్టు వాడతాం. దాని పైఅంచుని మూడువైపులా కొద్దిగా నొక్కి ఉంచుతాం. ఆ నొక్కుడే బోల్టుని పట్టుకుంటుంది. ఎంత కాలినా, ఎంత అదిరినా వదలదు. ఆ నట్టు రెండు మరలు దిగాక వేలికి లొంగకూడదు, అక్కణ్ణుంచి పానా పట్టాల్సిందే. బకెట్ పక్కనే కూర్చుని దాన్ని బోల్టుకి ఎక్కించి తిప్పాను. జారుడుబండ మీద పిల్లాడిలా చివరిదాకా దిగిపోయింది.

తడి చేతులతోనే హాల్లోకి వెళ్ళాను. ఆయనా, అత్తయ్యా టీవీ చూస్తున్నారు. నట్టు చూపించి ఇదేమిటని అడిగాను. ఆయన నవ్వారు. మీ నట్లు మొండికేస్తున్నాయి, మా వాళ్ళ చేతులు బొబ్బలెక్కుతున్నాయి, అందుకని నిన్న అన్నిట్లోనూ టాప్ పెట్టి తిప్పించేశాను, ఎంత సాఫీగా వెళ్ళాయో చూడు అన్నారు. టాప్ అంటే మరలు కోసే పనిముట్టు. దాన్ని దింపితే మేం నొక్కి ఉంచిన అంచు లోపల అరిగిపోయి, పట్టు మొత్తం పోతుంది. జేబులో రజను ఆ అరిగిన లోహమే. బిగువుగా ఉన్నది చెడిపోయిందనుకోవడం కొత్తగా చేరినవాళ్ళు చేసే పొరపాటు. ఈయన ఇన్‌ఛార్జి.

"అవి ఇంజిన్లకి పెట్టేశారా?" అన్నాను.

పెట్టేశారట. తెల్లవారకముందే ఇంజిన్లు తీసుకెళ్ళే లారీ వస్తుందట.

ఆ నట్టు మూడువైపులా నొక్కాలని కనిపెట్టింది నేను. రెండువైపులా నొక్కితే కొన్నిసార్లు కాల్చాక పట్టు సడలేది. పొయ్యిలో కాల్చడం, ఇంజిన్‌లా అదిరే అదురుబల్ల మీద పెట్టడం, విప్పడం, మళ్ళీ కాల్చడం, వర్షాకాలమంతా అదే పని. ఇంటికొచ్చి కూర తరుగుతున్నా నా బుర్రలో ఆ అదురుబల్ల మోగుతూనే ఉండేది. చివరికి కుదిరిన రోజు పెద్దసారు, అంటే మా ఫ్యాక్టరీ మేనేజరు, మీటింగులో అందరిముందూ ఈయన భుజం తట్టారు. ఇంట్లోనే ఇంజినీరు ఉంటే ఎంత లాభమో చూడండయ్యా అన్నారు. ఈయన సిగ్గుపడి నవ్వారు. టీ సంగతి కాస్త చూడమ్మా అని పెద్దసారు నాతో అంటే లేచి వెళ్ళాను. ఆ గదిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే, టీ సంగతి ఎప్పుడూ నాదే. నేను చెప్పిన మాట ఎవరికీ వినపడదు, అదే మాట కాసేపాగి ఈయన చెబితే అందరూ రాసుకుంటారు. ఆయన మాటైనా, నా మాటైనా ఒకటేలే అని చాలా కాలం సర్దుకున్నాను. నిజానికి సర్దుకున్నానని కూడా అనుకోలేదు. దాన్నే కాపురం అనుకున్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే మాత్ర తెచ్చి ఇస్తారు, తర్వాత వంటెవరు చేస్తారని అడుగుతారు. ఆరోజు కూడా నేను విడమరిచి చెప్పేసరికి ముఖం పాలిపోయింది. పడవ నది మధ్యలో ఉండగా పొగ గొట్టం ఊడితే ఇంజిన్ గదిలో నిప్పు లేస్తుందని ఆయనకు మాత్రం తెలియదా? లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. లారీ ఆపాల్సిందే అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. మా ఆయన మంచివాడే అని ఒక్క నిమిషం గర్వపడ్డాను కూడా.

"అయితే పెద్దసారుకి నువ్వే చెప్పు," అన్నారు. "మీ గదిలో పరీక్ష సరిగ్గా జరగలేదని చెప్పు. నట్లలోనే లోపం ఉందను."

నేను సరిగ్గా విన్నానో లేదో తెలియక ఆయన వంక చూశాను.

"టాప్ సంగతి బయటపడితే నా పని అయిపోయినట్టే. వచ్చే నెలలో ప్రమోషన్ లిస్టు. నువ్వైతే ఒక మాట పడతావు, మహా అయితే మానేయమంటారు. నువ్వు మానేసినా ఇల్లు గడుస్తుంది కదా."

అత్తయ్య వెంటనే అందుకుంది. మానేస్తే నీ నడుం నొప్పైనా తగ్గుతుందంది. ఇంట్లో మాట గడప దాటించే ఆడది ఇల్లు నిలబెట్టదని కూడా అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. తను అలాగే బతికింది, అందరూ అలాగే బతుకుతారనుకుంటుంది. ఆవిడతో ఏనాడూ వాదించలేదు, ఆ సాయంత్రమూ వాదించలేదు.

వంటింట్లోకి వెళ్ళి చేతులు తుడుచుకున్నాను. భయమేసింది. ఉద్యోగం పోతుందని కాదు, రేపట్నుంచి ఈ మనిషి పక్కన ఎలా పడుకోవాలా అని. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో రెండు ఉద్యోగాలున్నాయనుకున్నాను. ఆయన లెక్కలో ఉన్నది ఒక్కటే, రెండోది నా సరదా. ఆయన చెప్పినట్టే చెబితే లారీ ఆగుతుంది, పడవల్లో జనం బతుకుతారు, ఇంట్లో గొడవుండదు. ఎవరికీ నష్టం లేదనిపించింది ఒక క్షణం. కానీ నట్లలోనే లోపం ఉందంటే రేపు ఏం జరుగుతుంది? నట్టు మార్చేస్తారు. అదురుడికి ఆగని నట్టు ఏదో తెస్తారు, చేతికి సాఫీగా దిగుతుందని అందరూ సంతోషిస్తారు. టాప్ మాత్రం ఆయన అల్మరాలో అలాగే ఉంటుంది, మళ్ళీ ఎప్పుడో బొబ్బలెక్కినప్పుడు బయటికొస్తుంది. పాపం ఆ నట్టు చేసిన తప్పల్లా గట్టిగా పట్టుకోవడమే. దాని మీద నింద వేయడానికి నా నోరే కావాల్సి వచ్చిందా అని ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఎక్కువసేపు కాదు.

మొహం కడుక్కుని హాల్లోకి వచ్చి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చాటుగా చేయాలనిపించలేదు. నేను జరిగింది జరిగినట్టే చెబుతున్నాను, మీరే చెబుతానంటే ఇప్పుడే ఫోన్ మీ చేతికిస్తాను అన్నాను. ఆయన టీవీ వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ మౌనం నాకు బాగా తెలుసు. కాసేపుంటే నేనే కరిగి, సరే మీ ఇష్టం అంటాను, ఎప్పుడూ జరిగేది అదే. ఆయన దానికోసమే ఎదురుచూస్తున్నారు. నేను పెద్దసారు నంబరు నొక్కాను.

లారీ ఆపించండి, ఇంజిన్లకి వేసిన నట్లు పట్టు పోయినవి, మా గది నుంచి వచ్చినప్పుడు బాగానే ఉన్నాయి, బిగించేటప్పుడు టాప్ వేశారు అని గబగబా చెప్పాను. ఆయన కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూలబడ్డారు. అత్తయ్య టీవీ సౌండు తగ్గించింది. టాప్ వేసినట్టు నీకెవరు చెప్పారమ్మా అన్నారు పెద్దసారు. మా ఆయనే చెప్పారన్నాను. ఆయనెక్కడున్నాడన్నారు. నా ఎదురుగానే ఉన్నారన్నాను.

పెద్దసారు తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"అయితే ఫోన్ ఆయనకివ్వమ్మా, ఆయనతో మాట్లాడతాను."

"ఇవ్వనండీ," అన్నాను. "నట్ల గురించైతే నాతోనే మాట్లాడాలి."