రెండు దెబ్బలు

శుభవార్త వచ్చినప్పుడు నేను టీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. మా గది కింద మా ఆయన రివెట్లు కొడుతుంటాడు. సుత్తి పడినప్పుడల్లా గ్లాసులో టీ మీద చిన్న వలయాలు లేస్తాయి. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ నాకదో సరదా. పైన కూర్చునే అతను పనిలో ఉన్నాడో, కబుర్లలో ఉన్నాడో చెప్పేయగలను.

వలయాలు ఆగాయి. మెట్లు రెండేసి ఎక్కుతున్న అడుగుల చప్పుడు.

"ఏయ్ డిగ్రీ! షాపొచ్చింది! మనకే కాదు, సందులో అందరికీ!" కాలేజీ చదువు చదివానని అతను నాకు పెట్టిన పేరది.

ఎత్తి గిర్రున తిప్పేశాడు. టీ నా చీర పాలైంది. అతని చొక్కా మీది రేకు పొడి నా చెంపకి అంటుకుంది. తుడుచుకోలేదు.

కిందికి చూస్తే సందు సందంతా ఊగిపోతోంది. రంగుల పిన్ని కుంచె పైకెత్తి చిందులేస్తోంది. గడియ బాబాయి కొత్త తాళంచెవిని గాల్లో ఊపుతూ మురిసిపోతున్నాడు. మధ్యలో కంపెనీ మనిషి నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నాడు. మనిషి రాకముందే వాసన వస్తుంది కాబట్టి సందులో అతని పేరు సెంటుబాబు.

మాది రేకుపెట్టెల సందు. ఇక్కడ పెట్టెను ఏ ఒక్కరూ చెయ్యరు, సందు చేస్తుంది. మామయ్య రేకు కోస్తారు. మా ఆయన అంచులు మడిచి రివెట్లు కొడతాడు. ఎదుటి వరసలో గడియ బాబాయి గడియా పిడీ బిగిస్తాడు. పక్కనే పిన్ని రంగేసి మూత మీద నెమలిని కూర్చోబెడుతుంది. ఒకరి పని అవగానే రేకు మీద రెండు దెబ్బలు కొడతారు. 'నాదయింది, అందుకో' అని దానర్థం. అవతలివాళ్ళు తలెత్తకుండానే చెయ్యి చాపుతారు. ఆ భాష నాకూ వచ్చేసింది. కిటికీ చువ్వ మీద గ్లాసుతో రెండు కొడితే చాలు, మా ఆయన టీకి పైకొచ్చేస్తాడు.

ఊరి నడిబొడ్డుని బాగుచేస్తామని కంపెనీ వచ్చింది. బాగుచెయ్యడమంటే ఏమిటో ముందు అచ్చాఫీసుల వీధికి తెలిసింది, తర్వాత చెప్పుల బజారుకి తెలిసింది. రెండూ పోయి అక్కడ ఒక గాజు మేడ లేచింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'పాత బజారు ప్లాజా'! చంపినవాడే ఫొటోకి దండ వేసినట్టుంది. ఇప్పుడు మా సందు వంతు. మమ్మల్ని ఆ మేడలోకి మార్చి, సందుని చదును చేసి ఫ్లాట్లు కడతారట.

"మీ సందు క్యారెక్టరంటే మా కంపెనీకి ప్రాణమండీ. దాన్ని కళ్ళలో పెట్టుకుని కాపాడతాం" అని అంతకుముందే సెంటుబాబు మైకు పట్టుకుని ప్రతి గడపా ఎక్కాడు. ఎక్కిన ప్రతిచోటా "మీకెంత జాగా కావాలి?" అని అడిగాడు. అందరూ ఎవరి పీట వాళ్ళు చూపించారు.

తాళంచెవులు వచ్చిన మర్నాడు షాపులు చూసుకోవడానికి ఊరేగింపుగా వెళ్ళాం. మా ఆయన ఉతికిన చొక్కా వేశాడు. అతని చిటికెన వేలు పట్టుకుని నడిచాను. ఏం దాచుకోను, ఆ గాజు తలుపు దానంతటదే తెరుచుకుంటే నాకూ ముచ్చటేసింది.

మామయ్య షాపు గుమ్మం పక్కనే. మూడు వైపులా గాజు. వచ్చేపోయేవాళ్ళు ఆయన్ని చూడాలట. మా ఆయనది నాలుగో అంతస్తు. బాబాయిది నేలమాళిగలో, కార్లు నిలిపేచోట. కస్టమర్లకి రంగు వాసన గిట్టదని పిన్నిని వెనక బ్లాకులో పడేశారు.

"మరి రేకు నాలుగో అంతస్తుకి ఎలా ఎక్కాలి బాబూ?" అని అడిగారు మామయ్య.

"లిఫ్టుల్లో సామాను నిషేధమండీ."

"సుత్తి?"

"అయ్యయ్యో, చప్పుడు కుదరదు! కానీ మీరేం బెంగపడకండి." సెంటుబాబు వేలు పైకి చూపించాడు. సీలింగులోంచి సన్నగా ఒక చప్పుడు వస్తోంది. టక్, టక్, టక్... "మీ సందులోనే రికార్డు చేశాం. కస్టమర్లకి పాత ఊరి ఫీలింగు రావాలి కదా."

మా ఆయన తల పైకెత్తి చాలాసేపు విన్నాడు.

"అది నా సుత్తే" అన్నాడు మెల్లగా.

అతని చెయ్యి నా చేతిలోనే ఉంది. వేళ్ళు బిగుసుకున్నాయి. సుత్తి చప్పుడు కావాలి వీళ్ళకి, సుత్తి పట్టినవాడు అక్కర్లేదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఊరి నడిబొడ్డుకీ ఒక సెంటుబాబు వస్తాడు. మీ వీధిని మెచ్చుకుంటాడు. అతను మెచ్చుకున్నాడంటే మీరు మూటాముల్లె సర్దుకోవాలని అర్థం.

సాయంత్రం సందులో మీటింగు. తయారైన పెట్టెలే కుర్చీలు.

"ఏదైతేనేం, నీడపట్టున ఏసీలో కూర్చుంటాం. ఈ వానా ఎండా తప్పుతాయి" అన్నాడు గడియ బాబాయి.

"కూర్చుని ఏం చేస్తావురా సన్నాసీ? గడియకి పెట్టె వద్దా? కార్లకి బిగిస్తావా?" పిన్ని విరుచుకుపడింది.

"నీకేం వదినా, నీ నెమళ్ళు ఎక్కడైనా ఎగురుతాయి."

"ఎగురుతాయి, నీ నెత్తి మీద వాలతాయి! మనల్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు చోట్ల పారేస్తున్నాడ్రా వాడు!"

అందరూ ఒక్కసారిగా మాట్లాడుతున్నారు. మామయ్య కత్తెరతో పెట్టె మీద కొట్టారు.

"ముక్కలు వాడు చెయ్యలేదు. మనమే చేసిచ్చాం. ఎంత జాగా కావాలని అడిగితే ఎవడి పిర్రలు వాడు కొలిచి చెప్పాం. మన మధ్యనున్న ఈ సందు కావాలని ఒక్కడైనా అన్నాడా?"

గడియ బాబాయి తాళంచెవి తీసి చూసుకున్నాడు. ముందుకొచ్చి దాన్ని ఒక ఖాళీ పెట్టెలో వేశాడు.

"ఏసీలో నాకు జలుబు చేస్తుందిలే" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. తాళంచెవులు ఒకటొకటిగా పెట్టెలో పడ్డాయి. అంత చక్కటి చప్పుడు ఏ స్పీకర్లోనూ రాదు.

మర్నాడు ఆ పెట్టె మోసుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్ళాం. హాలు మధ్యలో బల్ల మీద రేపటి ఊరి నమూనా ఉంది. అట్టతో మేడలు, స్పాంజితో చెట్లు, అగ్గిపుల్లంత మనుషులు. మనుషులందరి చేతుల్లోనూ షాపింగు సంచులే. పని చేస్తున్నవాడు వెతికినా ఒక్కడు లేడు. పని లేకుండా ఊరెలా నిలబడుతుందనుకున్నారో ఈ మహానుభావులు!

మామయ్య పెట్టెను జాగ్రత్తగా ఆ నమూనా మీద దించారు. అట్టమేడలు రెండు కుయ్యిమని కూలబడ్డాయి.

"మీ తాళంచెవులు. మా సందు మాకుంచండి. మేం కదలం."

"పెద్దాయనా, మీకోసమే కదండీ ఇదంతా! రేపు ప్లాజా దగ్గరికి మంత్రిగారొచ్చి ఫ్లాట్ల అమ్మకాలు మొదలుపెడతారు, ఇప్పుడీ గొడవేంటి?" సెంటుబాబుకి చెమట పట్టింది. ఆ రోజు సెంటు కూడా ఆదుకోలేదు.

పోలీసులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మా వీధిలో దొంగతనమైతే దారి తెలియని జీపుకి ఈ గుమ్మం కళ్ళు మూసుకున్నా తెలుసు. అట్టమేడలు కూల్చిన నేరానికి మామయ్యని పట్టుకున్నారు. నిజం మేడల కోసం రెండు బజార్లు కూల్చినవాడు పక్కనే నిలబడి ఎస్సైకి కూల్‌డ్రింకు ఇచ్చాడు.

మేం జీపుకి అడ్డం పడ్డాం. లాఠీలతో నెట్టారు. మా ఆయన మోచెయ్యి చీరుకుంది. మామయ్య లోపల కూర్చుని మా అందరినీ ఒకసారి చూశారు. జీపు కదిలింది. ఆయన చెయ్యి బయటికొచ్చి జీపు రేకు మీద కొట్టింది.

ఠంగ్. ఠంగ్.

నాదయింది, అందుకో.

అందరం విన్నాం. సందుకి తిరిగొచ్చాం. మామయ్య పీట ఖాళీగా ఉంది, దాని మీద కత్తెర. నేను వెళ్ళి ఆ పీట మీద కూర్చున్నాను. కత్తెర నేననుకున్నదానికంటే బరువుగా ఉంది.

"నువ్వా?" అన్నాడు మా ఆయన.

"ఏం, నేను అందుకోకూడదా?"

"వంకరగా కోస్తే నా అంచు కుదరదే!"

"కుదుర్చు. అందుకే కదా నిన్ను చేసుకుంది."

పిన్ని పకపకా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. అతని మోచేతికి నా కొంగు చింపి కట్టాను. తర్వాత పీట మీద లేచి నిలబడ్డాను. సందు మొత్తం నావైపు చూస్తోంది.

"రేపు పొద్దున ఇక్కడ ఒక్క షట్టరు కూడా లేవదు. పీటలు, రేకులు, సుత్తులు అన్నీ మోసుకెళ్ళి ఆ గాజు మేడ గుమ్మం ముందు పనిలో కూర్చుందాం. మంత్రిగారు మైకు పట్టుకోగానే రివెట్లు మొదలు. మామయ్యని వదిలేదాకా, సందు మనదనేదాకా చప్పుడు ఆగదు. ఇక్కడ ఎవరెక్కడ కూర్చుంటారో అక్కడా అలాగే. నేనూ మా ఆయనా ఈ వరస, బాబాయీ పిన్నీ ఎదుటి వరస."

"మరి మధ్యలో?" అని అడిగాడు గడియ బాబాయి.

"మధ్యలో సందంత జాగా వదలండి. ఈసారి ముందు దాన్నే కొలుద్దాం."