ప్రెసిడెంటు చూసిన నీళ్లు

మా సాన్ హసింతోలో పరువు ఎక్కువ, నీళ్లు తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో బావి పూర్తిగా ఎండింది. ఆడవాళ్లం కొండ దిగి వాగు నుంచి మోసుకొచ్చేవాళ్లం. అలాంటి ఊరికి మెక్సికో సిటీ నుంచి ప్రెసిడెంటు వస్తున్నాడని కబురొచ్చింది. కొత్త రోడ్డు ప్రారంభించి, మా దగ్గర భోంచేసి వెళ్తాడట. కొళాయి వేయించమని అడిగే పని మా పిన్ని తోమాసాకు అప్పగించాం. ఆవిడ మంత్రసాని, ఎవరికీ జంకదు.

మేయరు దోన్ ఫిదెన్సియోకు వేరే బెంగ పట్టుకుంది.

"గవర్నరు వచ్చినప్పుడు పక్క ఊళ్లో ఫౌంటెను పొంగిపొర్లింది. మన ఊరి నడుమ ఉన్నది ఎండి బీటలు వారి కనిపిస్తే నా తల ఎక్కడ పెట్టుకోను?"

"నీళ్లు లేవనే కదయ్యా మనం అడగబోయేది!" అంది పిన్ని.

"అడుగుదువుగాని తల్లీ! ఇంటికొచ్చిన పెద్దమనిషికి ముందు మర్యాద, ఆ తర్వాతే మన ఏడుపు."

మర్యాద అనేసరికి పిన్ని కూడా మెత్తబడింది. గాడిదల మీద, నెత్తి మీద మోసి ఫౌంటెను నింపాం. చూసుకుని మురిసిపోయాం కూడా, మా మొహాలు మండ!

ప్రెసిడెంటు వచ్చాడు. టర్కీ కోడి కూర మెచ్చుకుని, రొట్టెలు మారు వడ్డించుకున్నాడు. పిన్ని శాలువా సర్దుకుని ముందుకెళ్లింది.

"అయ్యా, మా ఊరికి నీళ్లు లేవు. పిల్లలు జబ్బు పడుతున్నారు."

ఆయన ఫౌంటెను వైపు చూసి నవ్వాడు. "భలేదానివమ్మా! ఇన్ని నీళ్లు పెట్టుకుని లేవంటావా? నిన్న చూసిన ఊళ్లో మొహం కడుక్కోడానికి చెంబెడు దొరకలేదు. ముందు వాళ్లకిద్దాం, ఏమంటావ్?"

మేం మోసి పోశామని చెప్పాలి. చెబితే ఊరంతా కలిసి ఆయన్ని మోసం చేశామని ఒప్పుకున్నట్టే. ఫిదెన్సియో మొహంలో నెత్తురు చుక్క లేదు. పిన్ని మేయరు వంక చూసి తల దించుకుంది.

"అలాగేనయ్యా, తమరి దయ," అంది.

మేమంతా సిగ్గుతో చచ్చిపోయాం.

ఇంతలో డ్రైవర్లు బకెట్లతో ఫౌంటెను నీళ్లు తోడి కార్ల రేడియేటర్లలో పోయసాగారు.

"తీసుకోండి బాబూ, మొహమాటపడకండి," అన్నాడు ఫిదెన్సియో. ఇంకేమంటాడు పాపం!

కార్ల దుమ్ము అణగకముందే ఫిదెన్సియో భార్య బిందె పట్టుకుని వచ్చింది. అడుగున మిగిలిన నీళ్లు ముంచుకుంది. ఆవిడ వెనకే మేమందరం. మామూలుగా బిందె నెత్తికెత్తుకోవాలంటే పక్కావిడ ఓ చెయ్యి వేస్తుంది. ఆ రోజు ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఎవరి బిందె వాళ్లే ఎత్తుకుని, సగం నీళ్లు ఒంటి మీద ఒలకబోసుకుంటూ ఇంటికి పోయాం.